ఎడమ చెయ్యి సహకరించడం లేదు, డిసెంబరు దగ్గర పడుతోంది – గిటారు ఎలా కొనసాగించాలి?

వైండింగ్ షాపు, పాలకొల్లు

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు. వయసు 62. మోటార్ల వైండింగ్ షాపు నడుపుతాను. ఒకప్పుడు పొలాల పంపుసెట్లు వచ్చేవి, ఇప్పుడు చేపల చెరువుల, రొయ్యల చెరువుల ఏరియేటర్ల మోటార్లే ఎక్కువ.

గిటారు కాలేజీ రోజుల్లో పట్టుబడింది. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ తిరిగే ఆర్కెస్ట్రాలో లీడ్ వాయించాను. ఆ పార్టీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు మా చర్చిలో క్వయర్‌కి వాయిస్తున్నాను. ఆదివారం ఆరాధన, డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్‌లు, ఆ పైన క్యారల్స్. క్యారల్స్ అంటే మా దగ్గర రాత్రి భోజనాలయ్యాక బయలుదేరి ఇంటింటికీ తిరిగి తెల్లవారుజామున ఇంటికి చేరడం. అంతసేపూ గిటారు మెడలోనే ఉంటుంది.

కష్టం ఎడమ చేతితో వచ్చింది. మూడో పాటకే బొటనవేలి మొదట్లో కండ పట్టేస్తోంది. ఎఫ్, బి మైనర్ లాంటి బార్ కార్డులు, అంటే చూపుడువేలు అడ్డంగా వేసి తీగలన్నీ నొక్కేవి, పట్టుకుంటే ఒకటో తీగ, రెండో తీగ మోగడం లేదు. చూపుడువేలితో నొక్కుతున్నానని నాకు తెలుస్తోంది, తీగకి తెలియడం లేదు. రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. లేచి చెయ్యి విదిలిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. ఇది కాక పొద్దున్నే ఉంగరంవేలు మడిస్తే మళ్ళీ తెరుచుకోదు. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. పగలు చేసే పని కూడా చేతులదే. స్టేటరు స్లాట్లలోకి కాపర్ వైరు దించి, ఫైబరు పుల్లతో నొక్కి సర్దాలి. ఆ పనిలో వేళ్ళకి బలం లేదని ఎప్పుడూ అనిపించలేదు. గిటారు పట్టుకుంటేనే అయిపోతోంది.

నా గిటారు పాత కలకత్తా జంబో. మెడ వంగకుండా ఆపే రాడ్ లోపల లేదు. తీగలు పన్నెండు సెట్టువి, కాస్త లావువి, వేస్తాను. ఇంకో గిటారు అటక మీద ఉంది, దాని మెడ వంగిపోయి తీగలు బాగా పైకి లేచాయి.

మా అమ్మాయి “ఇక చాలు నాన్నా, కూర్చుని పాటలు వినండి” అంటోంది. ప్రేమతోనే అంటోంది. క్వయర్ కుర్రాళ్ళకి నేను నేర్పుతూనే ఉన్నాను, వాళ్ళు బాగా వాయిస్తున్నారు కూడా. కానీ నాకు వినడం సరిపోదండి. పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కనిపెట్టి, ఆ సందులో ఒక్క తీగ మీటి ఆవిడని పై లైనుకి అందించడం ఉంది చూశారూ, అది వింటూ కూర్చుంటే దొరకదు. నాకు గిటారు అంటే అదే.

అందుకని అడుగుతున్నాను. ఇందులో వయసు ఎంత, జబ్బు ఎంత? తీగలు మార్చాలా, గిటారే మార్చాలా, వాయించే పద్ధతి మార్చాలా? గోదావరి జిల్లాల్లో అరవై దాటి వాయిస్తున్నవాళ్ళు ఉంటే మీరు ఏం చేశారో చెప్పండి. “వయసైంది కదా” అన్న సమాధానం మాత్రం వద్దండి. వయసయ్యాక ఎలా వాయించాలో కావాలి.

తీగల రిపేరు, రాజమండ్రి

మాస్టారూ, నమస్కారం. నేను గిటార్లు, వయొలిన్లు, వీణలు బాగుచేస్తాను. చేతి సంగతి డాక్టర్లు చెప్పాలి. నా వైపు నుంచి చూస్తే మీరు పడుతున్న కష్టంలో పెద్ద వాటా ఆ గిటారుదే అనిపిస్తోంది. రాడ్ లేని పాత మెడ, పన్నెండు సెట్టు తీగలు, పైగా మన డెల్టా తేమ. ఆ మూడూ కలిస్తే ఇరవై ఏళ్ళ కుర్రాడికైనా చెయ్యి లాగేస్తుంది.

ముందు కొలతలు తీయండి. గిటారు ట్యూన్ చేసి, 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర దాని పై అంచుకీ తీగ అడుగుకీ మధ్య ఖాళీ ఎంతుందో ఉక్కు స్కేలుతో చూడండి. ఆరో తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, ఒకటో తీగ కింద రెండు మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయి. తర్వాత ఒక్కో తీగనీ రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్ మధ్య నొక్కి పట్టుకుని, ఒకటో ఫ్రెట్ మీద ఎంత ఖాళీ ఉందో చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు. అంతకంటే ఎక్కువుంటే నట్ (మెడ కొసన తీగలు ఆనే ముక్క) గాట్లు పైకి ఉన్నాయని అర్థం. ఎఫ్ కార్డు దగ్గర చేతిని హింసపెట్టేది చాలాసార్లు ఆ నట్టే. దాన్ని పట్టించుకోకుండా జనం వేళ్ళని తిట్టుకుంటారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక తీగలు. గేజి గురించి మీకు నేను చెప్పాలా, కాపర్ వైరు పనే మీది. గిటారు తీగల గేజి అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన చెబుతారు. పన్నెండు సెట్టులో ఒకటో తీగ 0.012 అంగుళాలు, పది సెట్టులో 0.010. కంటికి తేడా కనిపించదు. కానీ ఒకే శ్రుతిలో తీగ మీద ఉండే లాగుడు దాని వ్యాసానికి వర్గం లెక్కన మారుతుంది. 144 ఉన్న చోట 100 అవుతుంది, అంటే ఆ ఒక్క తీగ మీదే లాగుడు 31 శాతం తగ్గిపోతుంది. నాదం కొంచెం పల్చబడుతుంది, నిజమే. చర్చిలో మైకు ఉంటుంది కాబట్టి ఆ లోటు పూడుతుంది.

ఇంకో ఉపాయం ఖర్చు లేనిది. ఆరు తీగలనీ ఒక సెమీటోను, అంటే ఒక ఫ్రెట్ అంత, దించితే లాగుడు 11 శాతం దాకా తగ్గుతుంది. రెండు దించితే 21 శాతం దాకా. అలా రెండు దించి, రెండో ఫ్రెట్ మీద కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, బిగించుకుంటే మామూలు శ్రుతికే వస్తారు. తీగ మెత్తగా ఉంటుంది, ఫ్రెట్లు దగ్గరవుతాయి, నట్ ఎత్తుగా ఉన్నా దాని పీడ పోతుంది. రాడ్ లేని మెడకి కూడా బరువు దిగుతుంది.

యాక్షన్, అంటే తీగల ఎత్తు, తగ్గించాలంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ తీసి అడుగు వైపు నుంచి అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. ఒకేసారి తీసేయకండి, కొంచెం అరగదీసి తీగలు ఎక్కించి చూసి మళ్ళీ అరగదీయండి. నట్ గాట్లకి మాత్రం సన్నటి ఆకురాయి కావాలి. ఒక్క గీత లోతు ఎక్కువైతే ఖాళీ తీగ జివ్వుమంటుంది. దాన్ని నా దగ్గరికి తీసుకురండి.

గిటారుకి గాల్లో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. మన దగ్గర వానాకాలంలో అంత తక్కువ తేమ ఎక్కడ దొరుకుతుంది? చెక్క నీరు పీల్చి ముందు పలక ఉబ్బుతుంది, బ్రిడ్జి పైకి లేస్తుంది, దాంతో తీగలూ లేస్తాయి. వేసవిలో బాగున్న గిటారు ఆగస్టులో బరువెక్కిందంటే అందుకే. కేసులో సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి, అవి తడిసిపోతే మార్చండి. మీ వైపు నరసాపురం, అంతర్వేది సముద్రం గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. గరుకు తీగ మీద వేలు జరగదు, జరగని వేలు ఇంకా గట్టిగా నొక్కుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి.

నైలాన్ తీగల గిటారు కొనమని ఎవరైనా చెబుతారు. తీగ మెత్తన, కాదనను. కానీ దాని మెడ నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, మీ జంబోది 43 చుట్టూ ఉంటుంది. మీకు నొప్పి బొటనవేలి మొదట్లో కాబట్టి వెడల్పు మెడ పడకపోవచ్చు. ఓ గంట వాయించి చూడకుండా కొనకండి.

వైండింగ్ షాపు, పాలకొల్లు

రాజమండ్రి బాబుకి చాలా థాంక్సండి. కొలిచాను. ఆరో తీగ కింద నాలుగు మిల్లీమీటర్లు దాటింది. ఒకటో తీగ కింద మూడు పైన ఉంది. మోటారు ఎయిర్‌గ్యాప్ చూసే ఫీలర్ గేజీలు షాపులో ఉంటాయి కదా, మీరు చెప్పినట్టు నొక్కిపట్టి ఒకటో ఫ్రెట్ మీద పెడితే అర మిల్లీమీటరు రేకు హాయిగా దూరిపోయింది. ఇన్నాళ్ళూ ఈ ఎత్తుతో పోరాడుతూ వాయిస్తోందన్నమాట నా చెయ్యి. పది సెట్టుకి ఆర్డరు పెట్టాను.

ఇంకో సంగతి. మా క్వయర్‌లో పాడే చెల్లెమ్మ గొంతుకి ఎఫ్, బి ఫ్లాట్ శ్రుతులు సరిపోతాయి. కీబోర్డు అబ్బాయికి ఏ శ్రుతైనా ఒకటే. నాకు మాత్రం పాట పొడుగూతా బార్ కార్డులే. శ్రుతి మార్చమని ఆ అమ్మాయిని అడగడం నాకు ఇష్టం లేదు. ఆవిడ గొంతు ఆ చోట ఎంత బాగుంటుందో నాకు తెలుసు.

రాజోలు క్వయర్ కుర్రాడు

అంకుల్, శ్రుతి మార్చక్కర్లేదు. ఎఫ్ పాటలకి మూడో ఫ్రెట్ మీద కాపో పెట్టి డి షేపులు, అంటే డి శ్రుతిలో పట్టే కార్డులే, వాయించండి, లేదా ఐదో ఫ్రెట్ మీద పెట్టి సి షేపులు. బి ఫ్లాట్‌కి మూడో ఫ్రెట్ మీద జి షేపులు, ఒకటో ఫ్రెట్ మీద అయితే ఎ షేపులు. మేమంతా అలాగే వాయిస్తాం, అందులో చిన్నతనమేం లేదు.

డి షేపుల్లో బి మైనర్ వస్తుంది కదా, దానికి బార్ వద్దు. ఐదో తీగ, మూడో తీగ, ఒకటో తీగ మీద రెండో ఫ్రెట్‌లో మూడు వేళ్ళు పెట్టి, నాలుగు, రెండు ఖాళీగా వదిలేస్తే బి మైనర్ సెవెన్ వస్తుంది. ఆరో తీగ మీటకండి. పాటకి చాలా బాగుంటుంది. పైగా కీబోర్డు పూర్తి కార్డు పట్టుకుని ఉంటే మనం ఆరు తీగలూ మోగించనక్కర్లేదు. పైన రెండు మూడు తీగలు చాలు.

మీకు ఇంకో మనిషి గురించి చెప్పాలి. బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం గిటారిస్టు టోనీ ఐయోమీ. 17 ఏళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే మిషన్‌లో పడి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి, అదీ తీగలు నొక్కే చేతివి. ఆయన ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగల కోసం బాంజో తీగలు వేసుకున్నాడు, ఆ తర్వాత తీగల్ని మూడు సెమీటోన్లు దించేశాడు. రాజమండ్రి అన్న చెప్పినవన్నీ ఆయన ఎప్పుడో చేసేశాడు. మీరు కూడా మిషన్ల మధ్య పనిచేసేవారే కాబట్టి మీకు ఆయన నచ్చుతాడు.

ఫిజియో, అమలాపురం

మాస్టారూ, నేను ఫిజియోథెరపిస్టుని. తీగలు, కాపో అన్నీ మంచివే, చేయండి. కానీ మీ మొదటి పోస్టులో నన్ను ఆపింది వేరే మాట. రాత్రి మెలకువ రావడం, బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్ళలో తిమ్మిరి, చెయ్యి విదిలిస్తే తగ్గడం. ఇది వయసు అలసట కాదు. ఇక్కడ చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయలేను కానీ, కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. మణికట్టులో ఎముకలకీ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంటుంది. వేళ్ళని మడిచే తొమ్మిది స్నాయువులు, మీడియన్ అనే ఒక నరం ఆ దారిలోంచే వెళ్ళాలి. లోపల వాపు వస్తే ముందు నలిగేది నరం. షుగరు ఉన్నవాళ్ళకీ, థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళకీ ఇది వచ్చే అవకాశం ఎక్కువ. రోజంతా గట్టిగా పట్టుకుని నొక్కే పని చేసేవాళ్ళకి కూడా.

మీరు చేయించుకోవాల్సింది నరాల పరీక్ష. నర్వ్ కండక్షన్ అంటారు. థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు కూడా చూపించండి. దీన్ని వాయిదా వేయకండి, దయచేసి. తిమ్మిరి దశలో మణికట్టు వంగకుండా నిటారుగా పట్టి ఉంచే స్ప్లింట్ రాత్రిళ్ళు కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. బొటనవేలి మొదట్లో కండ తగ్గి గుంటపడటం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, చేతిలో వస్తువులు జారిపోవడం మొదలయ్యే దాకా ఊరుకుంటే ఆ బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

తిమ్మిరి చిటికెన వేలిలో ఉంటే అది వేరే నరం, మోచేతి దగ్గర చూడాలి. అరికాళ్ళలో కూడా మంటా తిమ్మిరీ ఉంటే అది షుగరు నరాల మీద చేసిన పని కావచ్చు. మెడ ఎముకల నుంచి వచ్చేది కూడా ఉంటుంది. అందుకే పరీక్ష అంటున్నాను.

ఉంగరంవేలు టక్కుమని తెరుచుకోవడం ట్రిగర్ ఫింగర్. ఇది కూడా షుగరు వాళ్ళకి ఎక్కువ. దాన్ని రెండో చేత్తో లాగి లాగి చూడకండి. ఒక్కోసారి అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇస్తే కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, ముందే డాక్టరుకి మీ మాత్రల సంగతి చెప్పండి.

ఇప్పుడు ఒక పని చేయండి. నమస్కారం పెట్టండి. అరచేతులూ వేళ్ళూ ఒకదానికొకటి పూర్తిగా ఆనుతున్నాయా? వేళ్ళ మధ్య సందు మిగిలిపోతుంటే షుగరు వల్ల కీళ్ళ దగ్గర చర్మం, లోపలి పొరలు బిగుసుకుంటున్నాయని అనుమానించాలి. అలా ఉంటే అది కూడా డాక్టరుకి చూపించండి.

వాయించేటప్పుడు మణికట్టు వంపు తగ్గించండి. జంబో గిటారు కుడి తొడ మీద పెట్టుకుని మెడ నేలకి సమానంగా ఉంచితే ఎడమ మణికట్టు బాగా మడత పడుతుంది. కూర్చున్నప్పుడు కూడా స్ట్రాప్ వేసుకుని, గిటారు మెడ కొస భుజం ఎత్తుకి లేపండి. మణికట్టు దానంతటదే తిన్నగా అవుతుంది. తీగ మీద వేలు ఆనించి మీటుతూ, మెల్లగా నొక్కుడు పెంచండి. శబ్దం శుభ్రంగా వచ్చిన చోట ఆగండి. అంతకు మించిన బలం మొత్తం బొటనవేలి కీలు మీద పడుతుంది. మధ్యలో బొటనవేలు మెడ నుంచి పూర్తిగా తీసేసి, చేతి బరువుతోనే కార్డు పట్టి చూడండి. కాసేపటికి ఎంత తక్కువ చాలో తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు గోరువెచ్చని నీళ్ళలో చేతులు ఉంచితే కీళ్ళు వదులవుతాయి. మీకు వేళ్ళలో స్పర్శ తక్కువ ఉండొచ్చు, కాబట్టి నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని అప్పుడు ముంచండి. పది పదిహేను నిమిషాలు వాయించి ఆపండి, నొప్పి వచ్చే దాకా వాయించకండి. క్యారల్స్ రాత్రి ఇంటికీ ఇంటికీ మధ్య నడిచేటప్పుడు గిటారు మీద చెయ్యి ఉంచకుండా కిందకి వేలాడనివ్వండి.

మీ అమ్మాయి గారికి చెప్పండి, మానేయడం చికిత్స కాదు. పరీక్ష చేయించుకుని తగ్గట్టు వాయిస్తారని చెప్పండి.

కాకినాడ పెద్దన్న

తమ్ముడూ, నాకు 71. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. బొటనవేలి మొదటి కీలు అరిగిపోయింది, వేళ్ళ చివరి కణుపుల దగ్గర బొడిపెలు వచ్చాయి. బార్ కార్డు నా చేతికి ఇక రాదు. అయినా రోజూ వాయిస్తున్నాను. ఎలాగంటే, నేను తీగ నొక్కడం మానేశాను.

హవాయి గిటారు నీకు తెలిసే ఉంటుంది. ఆర్కెస్ట్రాల్లో ఒకప్పుడు వినేవాళ్ళం. ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీ తీగల మీద జార్చడం. తీగ ఫ్రెట్‌కి తగలదు. కడ్డీ బరువే చాలు, వేలు నొక్కక్కర్లేదు. మన సంగీతానికి ఇది పరాయిది కూడా కాదు. గోటువాద్యం, దాన్నే చిత్రవీణ అంటారు, అదీ ఇలాగే జార్చి వాయించేది. హిందుస్తానీలో బ్రిజ్ భూషణ్ కాబ్రా గారు ఈ గిటారు మీదే రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ గారు దానికి తీగలు చేర్చి మోహన వీణ చేసుకున్నారు, 1994లో గ్రామీ అందుకున్నారు. గమకం ఈ వాయిద్యంలో వచ్చినంత సులువుగా మామూలు గిటారులో రాదు. కీర్తన పల్లవిని మనిషి పాడినట్టే లాగి పలికించొచ్చు.

నీ అటక మీద ఉన్న గిటారు దించు. మెడ వంగి తీగలు లేచిపోయాయి అన్నావు కదా, ఈ పనికి అదే కావాలి. నట్ మీద తొడిగే ఉక్కు ముక్క దొరుకుతుంది, దానితో ఆ కొస కూడా ఎత్తితే తీగలు ఫ్రెట్లకి తగలవు. ఓపెన్ డి ట్యూనింగ్‌లో పెట్టు. ఆరో తీగ నుంచి డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. ఇందులో ఏ తీగనీ మామూలు శ్రుతి కంటే పైకి లాగక్కర్లేదు, నాలుగు కిందకి దిగుతాయి, రెండు అలాగే ఉంటాయి. పాత మెడకి భయం లేదు. స్వరం పలకాల్సిన చోట కడ్డీ సరిగ్గా ఫ్రెట్ కమ్మీ మీద నిలబడాలి, మామూలు గిటారులోలాగా దాని వెనక కాదు. కడ్డీ వెనకాల మిగతా వేళ్ళు తీగల మీద తేలిగ్గా ఆనించి ఉంచు, లేకపోతే వెనక తీగ గీపెడుతుంది.

చెవి బాగుండాలి, అంతే. ఫ్రెట్ శ్రుతి కాపాడదు, నువ్వే కాపాడుకోవాలి. మూడు నాలుగు దశాబ్దాలు పాడేవాళ్ళ వెనక నిలబడ్డవాడివి, నీకు చెవి గురించి చెప్పను.

మీ పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకో. మాండలిన్‌కి నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. ఆయన విడి తీగలు ఐదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ చేసుకుని కర్ణాటక సంగీతం అంతా అందులో పలికించారు. ఆయనది లేత వయసు, చేతి కష్టంతో చేసింది కాదు, పాటకి కావలసి చేసింది. మనం కూడా పాటకి కావలసినదే చేస్తున్నాం. అమెరికాలో లెస్ పాల్ అనే ఆయన చేతులకి కీళ్ళవాతం వచ్చి వేళ్ళు బిగుసుకుపోయినా, న్యూయార్క్ క్లబ్బులో ప్రతి సోమవారం వాయించేవాడు. 2009లో 94 ఏళ్ళకి పోయాడు, ఆ ఏడు కూడా వాయించాడు.

లీడ్ వాయించినవాడివి. కుర్రాళ్ళు కార్డులు చూసుకుంటారు. నువ్వు పాడే అమ్మాయి ఊపిరి తీసుకునే సందులో నీ మాట పలికించు.

వైండింగ్ షాపు, పాలకొల్లు

అందరికీ పేరు పేరునా నమస్కారాలండి. ఆలస్యంగా రాస్తున్నాను, పనులన్నీ అయ్యాక చెబుదామని ఆగాను.

ఫిజియోథెరపీ అమ్మగారు చెప్పినట్టు నరాల పరీక్ష చేయించాను. కార్పల్ టన్నెలే అన్నారు, మధ్యస్థంగా ఉందట, కండ ఇంకా తగ్గలేదట. రాత్రిళ్ళు స్ప్లింట్ కట్టుకుంటున్నాను. తిమ్మిరికి లేవడం చాలా తగ్గింది. థైరాయిడ్ బాగానే ఉంది, షుగరు మాత్రలు మార్చారు. నమస్కారంలో చిటికెన వేళ్ళ దగ్గర కొంచెం సందు ఉంది, అది కూడా చూపించాను. షాపులో స్లాట్లు నొక్కే పని ఎక్కువ భాగం కుర్రాడికి అప్పగించాను. ఈ మాట మా అమ్మాయికి చెబితే, “సరే నాన్నా, మరి వాయించండి” అంది. ఆ మాట కోసమే ఎదురుచూశానండి.

జంబో రాజమండ్రి వెళ్ళి వచ్చింది. ఆరో తీగ కింద రెండున్నర, ఒకటో తీగ కింద రెండు. పది సెట్టు వేసి, రెండు సెమీటోన్లు దించి కాపోతో వాయిస్తున్నాను. ఎఫ్ పాటలకి రాజోలు అబ్బాయి చెప్పిన డి షేపులు పెడుతున్నాను, దించిన లెక్క కలుపుకుని కాపో ఐదో ఫ్రెట్‌కి వెళ్తోంది. ఆదివారం ఆరాధన మొత్తం నొప్పి లేకుండా అయింది. ఆ బి మైనర్ సెవెన్ దగ్గర పాడే చెల్లెమ్మ తిరిగి చూసింది, ఆవిడకి నచ్చింది. క్యారల్స్‌కి ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేనూ, క్వయర్ కుర్రాడూ వీధికొకరం వంతులు వేసుకుని వాయిస్తాం.

పెద్దన్నా, అటక మీద గిటారు దించానండి. ట్యూనింగ్ మీరు చెప్పినట్టే పెట్టాను. నట్ ముక్క రాజమండ్రిలో దొరికింది. కడ్డీ కొనలేదు. షాపులో పాత స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు ముక్కలు ఉంటాయి కదా, లేతు మీద తిప్పించుకుందామని. వ్యాసం ఎంత ఉండాలి, పొడవు ఎంత, చివర ఎలా ఉండాలి? పాలిష్ ఎంత నున్నగా కావాలి? అరచెయ్యి స్ప్లింట్‌లో ఉండే మనిషిని కాబట్టి బరువు ఎక్కువైనా కష్టమే. అమలాపురం అమ్మగారు కూడా చూసి చెప్పండి, కడ్డీ పట్టుకుంటే మణికట్టుకి ఇబ్బందేమైనా ఉంటుందా?

ఫిజియో, అమలాపురం

మణికట్టు తిన్నగా ఉన్నంతవరకూ పరవాలేదు మాస్టారూ. కడ్డీని వేళ్ళతో పిసికినట్టు పట్టుకోవద్దు. గిటారు ఒళ్ళో మరీ కిందకి ఉంటే ముందుకి వంగుతారు, మెడ పట్టేస్తుంది. ఎత్తు తక్కువ బల్ల మీద పెట్టుకుని వాయించినా బాగుంటుంది. మొదట్లో కొద్దిసేపే.

కాకినాడ పెద్దన్న

ముప్పావు అంగుళం వ్యాసం, మూడంగుళాల పొడవు తిప్పించు. నా దగ్గర ఉన్నది ఏడు బై ఎనిమిది అంగుళం, బాగా పలుకుతుంది కానీ బరువు. నీకు ముప్పావే మేలు. ఒక చివర బుల్లెట్ మొనలా గుండ్రంగా ఉండాలి, ఒక్క తీగ మీదికి వంచినప్పుడు ఆ మొనే పనికొస్తుంది. రెండో చివర చదును చేసి, బొటనవేలు ఆనుకోడానికి కొంచెం గుంట పెట్టించు. పాలిష్ అద్దంలా రావాలి. గోరు గీస్తే తగిలేంత గీత ఉన్నా తీగ మీద కరకరమంటుంది. లేతు మీద సన్నటి ఎమెరీ కాగితం పట్టించి, చివర బఫ్ కొట్టించు.

మొదట ఒకటో తీగ మీద సరిగమ ఒక్కటే వాయించు, పక్కన తంబూరా యాప్ పెట్టుకో. స రి గ మ ప ద ని స శ్రుతిలో నిలబడ్డాక పాటకి వెళ్ళు. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాను. పాలకొల్లు నుంచి యానాం మీదుగా వచ్చేసెయ్, గిటారు తెచ్చుకో, కడ్డీ ఎలా పట్టుకోవాలో చూపిస్తాను. నా దగ్గర పాతది ఇంకోటి ఉంది, నీది తయారయ్యే దాకా అది వాడుకో.